రామ్ ఎయిర్‌తో పవర్ పెరుగుతుందా?

ప్రశ్న: నా పెట్రోల్ కారుకు రామ్ ఎయిర్ ఇన్‌టేక్ పెట్టిస్తే ఎదురుగాలి నేరుగా ఇంజన్‌లోకి వెళ్లి పవర్ బాగా పెరుగుతుందని మెకానిక్ అంటున్నాడు. నిజమేనా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: పెరుగుతుంది కానీ, మీరు ఆశించినంత కాదండీ. లెక్క కడితే, గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలి తెచ్చే అదనపు ఒత్తిడి వాతావరణ పీడనంలో అర శాతం కూడా ఉండదు. 200 దగ్గరా 2 శాతం లోపే. అదీ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడే. 1990లో కవాసాకి జెడ్‌ఎక్స్-11 బైక్‌కు ఇది పనికొచ్చిందంటే, అది 270 దాటే బండి!

అసలు లాభం చల్లగాలిది. బానెట్ కింది వేడిగాలికి బదులు 10 డిగ్రీలు చల్లనిది అందితే గాలి సాంద్రత సుమారు 3 శాతం పెరుగుతుంది. మన ఎండల్లో అది తక్కువేమీ కాదు. అయితే ఇప్పటి కార్లలో చాలావాటికి కంపెనీవాళ్లే గాలి గొట్టం మూతిని గ్రిల్ దగ్గర పెడుతున్నారు. మీ బండిలో ఎక్కడుందో ముందు చూడండి.

నాకు భయమల్లా వానతోనే. మూతిని బంపర్ కిందికి దింపితే, రోడ్డు మీద నిలిచిన నీళ్లు సిలిండర్లోకి చేరి కనెక్టింగ్ రాడ్లు వంగిపోవచ్చు. ఇక ఇంజన్ విప్పాల్సిందే. దయచేసి ఆ పని మాత్రం చేయనివ్వకండి.