అడవికి వచ్చిన అతిథులు

న్యూయార్కు అను పేరు వినగానే ఆకాశము నంటు మేడలు, రాత్రింబవళ్లు నిద్ర యెరుగని వీధులు మన కన్నుల యెదుట నిలుచును. కాని అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఆ మహానగరము గల రాష్ట్రమునకును న్యూయార్కు అనియే పేరు. ఆ రాష్ట్రపు ఉత్తరభాగమున, నగరమునకు సుమారు నాలుగు వందల కిలోమీటర్ల దూరమున, నగరమునకు పూర్తిగా భిన్నమైన యొక కొండసీమ కలదు. దానిని అడిరాండాక్ పర్వతసీమ యందురు. ఈ కొండలు హిమాలయములవలె సంవత్సరమంతయు మంచు కిరీటమును ధరించునట్టివి కావు. వీనిలో మిక్కిలి యెత్తయిన మార్సీ శిఖరము ఎత్తు 1,629 మీటర్లు మాత్రమే. అయినను కొండల నడుమ సుమారు 3,000 సరస్సులును కొలనులును కలవు. స్ప్రూస్, హెమ్లాక్, మేపిల్, బర్చి మొదలగు వృక్షములు కొండలను నిలువెల్ల కప్పియున్నవి.

వేసవి సెలవులు వచ్చినంతనే నగరములనుండి వేలకొలది కుటుంబములు ఈ సీమకు తరలివచ్చును. వారు విలాసభవనములను కోరి వచ్చువారు కారు. ఒక గుడారము, కొన్ని కంబళ్లు, వంటపాత్రలు, నాలుగు దినములకు చాలిన ఆహారము, ఇవియే వారి సామగ్రి. కొందరు గుడారమునైనను తేక, అడవిలో అచ్చటచ్చట దుంగలతో కట్టిన పాకలలో తలదాచుకొందురు. ఈ పాకలకు మూడువైపులనే గోడలుండును, నాలుగవవైపు తెరచియుండును. పగలు తేలికపడవలపై సరస్సులలో విహరింతురు. రెండు సరస్సుల నడుమ నేల అడ్డువచ్చినచో పడవను తలక్రిందులుగా భుజములపై నెత్తుకొని మోసికొని పోవుదురు. రాత్రి యగునప్పటికి లూన్ అను నీటిపక్షి చేయు దీర్ఘమైన కూత కొండలలో ప్రతిధ్వనించును. తెల్లవారుజామున నీటిపై పొగమంచు తెరవలె లేచును. నగరములో పుట్టి పెరిగిన బాలురకు దీపముల వెలుగు లేని చీకటియు, నక్షత్రములతో నిండిన ఆకాశమును ఎట్లుండునో ఇచ్చటనే మొదటిసారి తెలియును.

ఇట్లు అడవిలో విడిది చేయు వాడుక ఇచ్చట క్రొత్తది కాదు. పూర్వము మోహాకులు, అబెనాకీలు మొదలగు ఆదివాసులు ఈ కొండలలో వేటాడుచుండిరి. 1858వ సంవత్సరపు వేసవిలో అమెరికాలోని కొందరు విద్వాంసులు ఫాలెన్స్‌బీ అను సరస్సు ఒడ్డున శిబిరము వేసికొనిరి. వారిలో రచయిత యగు ఎమర్సన్, ప్రకృతిశాస్త్రజ్ఞుడగు అగాసీ, కవి యగు లోవెల్ ఉండిరి. చిత్రకారుడగు స్టిల్‌మన్ వారికి ఏర్పాట్లన్నియు చేసెను. లోకమునకు విజ్ఞానమును బోధించు ఆ పెద్దలకు అడవిలో త్రోవ తెలియదు. నిప్పు రాజేయుట తెలియదు. అందుచేత స్థానికులగు మార్గదర్శకులే వారికి గురువులైరి. పడవ నడపుటకును, వంట చేయుటకును, గాలివాలును గుర్తించుటకును ఎమర్సన్ వంటివాడు ఆ పల్లెవాసులను ఆశ్రయింపవలసి వచ్చెను. తరువాత ఆ శిబిరమునకు తత్త్వవేత్తల శిబిరమని పేరు వచ్చెను.

పదునొకండు సంవత్సరములు గడచెను. 1869లో బోస్టను నగరపు మతాచార్యుడగు ముర్రే ఈ సీమను గూర్చి యొక పుస్తకమును ప్రకటించెను. అచ్చటి గాలి ఆరోగ్యప్రదమనియు, అచ్చటి విహారము అలసిన మనస్సునకు ఔషధమనియు అతడు ఉత్సాహముతో వ్రాసెను. దానిని చదివి ఆ వేసవిలోనే జనులు తండోపతండములుగా బయలుదేరిరి. వచ్చినవారందరికి సరిపడు వసతులు లేవు, మార్గదర్శకులు లేరు. పైగా ఆ వేసవిలో వానలు ఎక్కువగా కురిసెను. కుట్టెడు నల్లయీగలు ముఖములను వాచునట్లు చేసెను. నిరాశతో తిరిగివచ్చిన వారిని జూచి లోకులు ముర్రే మూర్ఖులని పరిహసించిరి. కాని మరుసటి వేసవులలోను జనులు రాక మానలేదు. అడవి తమకు కూడ అవసరమేయను భావము నగరవాసుల హృదయములలో నాటుకొనెను.

అదే కాలమున మరియొక జనము కూడ అడవిలో ప్రవేశించెను. వారి చేతులలో గొడ్డళ్లుండెను. స్ప్రూస్ చెట్లను నరికి నదులలో తేల్చి రంపపు మిల్లులకు పంపిరి. హెమ్లాక్ చెట్ల బెరడు తోళ్లను ఊనుటకు పనికివచ్చునని బెరడు మాత్రము ఒలిచికొని మ్రానులను అడవిలోనే కుళ్లనిచ్చిరి. ఇనుము కరిగించు కొలుములకు బొగ్గు కావలెననియు, కాగితపు మిల్లులకు కఱ్ఱగుజ్జు కావలెననియు కొండలకు కొండలనే బోడిచేసిరి. కొనినవారు చెట్లు నరికికొని, పన్ను కట్టక, మొండిమోడుల నేలను వదలి వెళ్లిరి.

చెట్లు పోయిన కలుగు నష్టమేమి యని అనేకులు తలంచిరి. 1864లోనే మార్ష్ అను పండితుడు తన గ్రంథమున దీనికి సమాధానము చెప్పియుండెను. అడవి నేల రాలిన ఆకులతో, వేళ్లతో నిండి మెత్తని దూదివలె నుండును. అది వాన నీటిని, కరగిన మంచు నీటిని పీల్చుకొని మెల్లమెల్లగా ఊటలకు అందించును. అడవిని నరికినచో నీరు నిలువక ఒక్కుమ్మడిగా ప్రవహించి వరదలను తెచ్చును. తరువాత వేసవిలో వాగులు ఎండిపోవును. మధ్యధరా సముద్ర తీరపు ప్రాచీన దేశములు ఇట్లే బీడువడినవని మార్ష్ హెచ్చరించెను.

ఈ మాటను అడిరాండాక్ సీమకు అన్వయించి ప్రభుత్వమునకు తెలిపినవాడు వెర్‌ప్లాంక్ కాల్విన్. అతడు ఆ కొండలను కొలిచి పటములు వ్రాయుటకు పూనుకొనెను. 1872లో మార్సీ శిఖరపు ప్రక్కన, నాలుగు వేల అడుగులకు పైబడిన యెత్తున, అతడొక చిన్న కొలనును కనుగొనెను. దానికి మేఘముల కన్నీటిబొట్టు అను అర్థము వచ్చు పేరుపెట్టెను. న్యూయార్కు నగరమును ఒరసికొని సముద్రమున గలియు హడ్సను మహానదికి మిక్కిలి ఎత్తయిన జన్మస్థానము ఆ కొలనే. రాష్ట్రపు వర్తకమునకు ప్రాణాధారమైన ఈరీ కాలువకు కూడ ఈ కొండల నీరే ఆధారము. అడవి నశించినచో కాలువ ఎండును, కాలువ ఎండినచో వర్తకము చెడును అని కాల్విన్ 1873లో నివేదించెను. పక్షుల కూతలకు చెవియొగ్గని వర్తకులు కూడ ఈ మాటకు చెవియొగ్గిరి.

ఫలితముగా 1885లో ఇచ్చటి ప్రభుత్వభూములను రక్షితవనములుగా శాసించిరి. 1892లో పటముపై నీలిగీత గీసి అడిరాండాక్ పార్కును ఏర్పరచిరి. అయినను చట్టసభ నేడు చేసిన చట్టమును రేపు మార్చవచ్చును గదా! అందుచేత 1894లో ప్రజలు ఆ రక్షణను రాష్ట్ర రాజ్యాంగముననే చేర్చిరి. ఆ ప్రకారము ప్రభుత్వపు వనములను అమ్మరాదు, కౌలున కీయరాదు. వానిలోని కలపను నరకి తొలగింపరాదు. వానిని ఎల్లకాలము సహజవనములుగనే ఉంచవలెను. ఈ నియమమును మార్చవలెనన్నచో రెండు వేర్వేరు చట్టసభలు ఒప్పుకొనవలెను. పిదప ప్రజలు ఓట్లతో అంగీకరింపవలెను. నేడు నీలిగీత లోపల సుమారు 60 లక్షల ఎకరాలు కలవు. అందు గ్రామములును, సొంతభూములును ఉన్నవి. సుమారు 26 లక్షల ఎకరాలు మాత్రము ప్రజలందరి సొత్తు.

అడవిలో గడపిన దినములు మనుష్యుని యెట్లు మార్చునో తెలుపు వృత్తాంతము ఒకటి కలదు. 1901వ సంవత్సరమున అధ్యక్షుడగు మెకిన్లీ తుపాకి దెబ్బ తినెను. అతడు కోలుకొనుచున్నాడని వైద్యులు తెలుపగా ఉపాధ్యక్షుడగు థియొడోరు రూజ్‌వెల్టు కుటుంబముతో అడిరాండాక్ సీమకు వచ్చెను. సెప్టెంబరు 13వ తేదీన మార్సీ శిఖరమునుండి దిగి కాల్విన్ కనుగొనిన కొలను దగ్గర విశ్రమించియుండగా, ఒక మార్గదర్శకుడు అడవిలోనుండి వేగముగా వచ్చి తంతి నందించెను. అధ్యక్షునకు ప్రాణాపాయము సంభవించెను. రూజ్‌వెల్టు ఆ రాత్రియంతయు కొండదారుల వెంట గుఱ్ఱపుబండిపై ప్రయాణము చేసి, తెల్లవారుసరికి రైలు స్టేషనును చేరెను. మెకిన్లీ మరణించెనన్న వార్త అచ్చట తెలిసెను. ఇట్లు అడవినుండి వెడలి అధ్యక్షపదవి నధిష్ఠించిన ఆయన తన పాలనాకాలమున దేశమంతట సుమారు 23 కోట్ల ఎకరాలను రక్షితభూములుగా ఏర్పరచెను.

చట్టము గొడ్డలిని ఆపెను. కాని చట్టముచేత నిప్పు ఆగదు. 1903లో వానలు లేని వసంతమున అడవులు అంటుకొని లక్షల ఎకరాలు కాలిపోయెను. 1908లో మరల అట్లే జరిగెను. రైలు ఇంజనుల నిప్పురవ్వలును, నరకి పడవైచిన ఎండుకొమ్మలును, ఆర్పక విడిచిన మంటలును దీనికి కారణములు. అటుపిమ్మట 1909 మొదలు శిఖరములపై కావలిబురుజులను కట్టి పొగను కనిపెట్టుచుండిరి.

నిప్పుకంటె నిశ్శబ్దముగా కీడుచేయునది మరియొకటి కలదు. అది అతిథుల పాదము. మిక్కిలి యెత్తయిన కొన్ని శిఖరములపై చెట్లు పెరుగవు. అచ్చట ఉత్తరధ్రువ ప్రాంతమున పెరుగునట్టి చిన్నచిన్న మొక్కలు రాళ్ల నడుమ జీవించుచున్నవి. మంచుయుగము గడచినప్పటినుండి అవి ఆ శిఖరములనే అంటిపెట్టుకొని యున్నవి. చలిని, పెనుగాలులను వేల యేండ్లు సహించిన ఆ మొక్కలు మనుష్యుని చెప్పుక్రింద కొద్దిసార్లు నలిగినంతనే చచ్చును. మొక్క పోయిన వెంటనే పలుచని మన్నును వాన కడిగివేయును. మన్ను పోయినచో బండ మాత్రమే మిగులును. కొండను ప్రేమించి ఎక్కినవారే కొండకు ఈ హాని చేసిరి. అందరును మంచివారే; ఎవరును ఒక అడుగు మాత్రమే ప్రక్కకు వేసితి మనుకొనిరి.

కెచ్‌లెడ్జ్ అను వృక్షశాస్త్రజ్ఞుడు దీనిని గమనించి, బోడియైన చోట్ల గడ్డివిత్తులు చల్లి మన్నును నిలుపుటకు ప్రయత్నించెను. పిదప 1989లో శిఖరసేవకుల ఏర్పాటు ప్రారంభమైనది. వీరు వేసవిలో దినదినము శిఖరమెక్కి అచ్చట నిలిచియుందురు. వారి చేత దండము లేదు. వచ్చినవారిని పలుకరించి, మొక్కలను చూపి, బండపైననే నడువుడని మృదువుగా చెప్పుదురు. కొండ యెక్కువారు క్రిందినుండి చిన్న రాళ్లను మోసికొనిపోయి, మన్ను కొట్టుకొనిపోకుండ కాపాడుటకు తోడ్పడుదురు. ఒకప్పుడు బోడిగా నున్న తావులలో ఇప్పుడు పచ్చదనము తిరిగి వచ్చుచున్నది.

శిబిరము వేయువారు పాటింపవలసిన నియమములకును ఇట్టి కారణములే కలవు. గుర్తుపెట్టిన స్థలమున తప్ప, నీటికిగాని, కాలిబాటకుగాని 150 అడుగుల లోపల గుడారము వేయరాదు; ఏలయన ఒడ్డు త్రొక్కుడుపడినచో మన్ను సరస్సున చేరును. పాత్రలను సరస్సులో కడుగరాదు. సబ్బునీరు చేపలకు హాని చేయును. వంటచెరకును దూరమునుండి తేరాదు. దానిలో దాగిన పురుగులు క్రొత్త అడవికి తెగులును తెచ్చును. ఎలుగుబంట్లు ఎక్కువగా తిరుగు చోట్ల ఆహారమును గట్టి మూతగల డబ్బాలలో దాచవలెను. మనుష్యుని తిండికి రుచిమరగిన ఎలుగు శిబిరములను విడువదు; చివరకు ప్రాణము కోల్పోవునది ఆ మూగజంతువే.

అడవిలో నడుగుపెట్టనివారు కూడ దానికి కీడు చేయగలరు. దూరముననున్న బొగ్గు విద్యుత్కేంద్రముల పొగ గాలిలో ప్రయాణము చేసి, ఆమ్లవర్షముగా ఈ కొండలపై కురిసెను. నీరు తేటగా, అద్దమువలె కనబడుచుండెను. కాని అనేక సరస్సులలో చేపలు నశించెను. 1990లో కేంద్రప్రభుత్వము పొగలోని గంధకమును తగ్గింపవలెనని శాసనము చేసెను. క్రమముగా వాననీటిలో ఆమ్లము తగ్గెను. కొన్ని సరస్సులలో ట్రౌటు చేపలు తిరిగి బ్రతుకుచున్నవి. వేటవలన దాదాపు అంతరించిన బీవరులు మరల వాగులకు కట్టలు కట్టుచున్నవి. పందొమ్మిదవ శతాబ్దిలో మాయమైన మూస్ అను పెద్ద దుప్పులు 1980 ప్రాంతమున తమంతట తామే తిరిగి వచ్చినవి.

అతిథి యింటికి వచ్చినప్పుడు ఆ యింటి తలుపులు, దూలములు ఊడదీసికొని పోడు. తాను కూర్చున్న చాపను చించి పోడు. అడవి విషయమునను మర్యాద ఇంతే. ప్రజలు తమ వేసవి సుఖమును కోరి ఆ కొండలకు వెళ్లిరి. వెళ్లినవారు వానిని ప్రేమించిరి. ప్రేమించినవారే వానికి రక్షకులైరి. ఆ రక్షణ రాజ్యాంగమున వ్రాయబడియున్నను, ప్రతిదినము దానిని నిలుపునది మాత్రము ఒక బాలుడు ఆర్పిన నిప్పు, ఒక బాలిక మొక్కను తప్పించి బండపై మోపిన పాదము. ఉదయమున గుడారము విప్పి, బూడిద చల్లార్చి, చెత్తను మూటగట్టుకొని, వెనుకకు తిరిగి చూచినప్పుడు, తాము నిద్రించిన చోటు తమకే గుర్తుపట్టరాకుండ నున్నచో వారు మంచి అతిథులని తెలియవలెను.