కమీషను కొలువు

శ్రమకు ప్రతిఫలం ముట్టజెప్పే పద్ధతులు మన పల్లెసీమలలో పూర్వం నుండి ప్రధానంగా రెండు ఉన్నాయి. ఒకటి జీతం, రెండవది పాలు. సంవత్సరానికి ఇన్ని బస్తాలని మాట్లాడుకొని పనిలో కుదిరిన పాలేరుకు పంట పండినా ఎండినా తన గింజలు తనకు రావలసినదే. భూమిని పాలుకు చేసిన రైతు సంగతి అది కాదు. పండిననాడు అతని గాదె నిండుతుంది, ఎండిననాడు విత్తనాల ఖర్చు సైతం మట్టిలో కలుస్తుంది. నేడు నగరాలలో కార్ల షోరూము అద్దాల వెనుక, ఇస్త్రీ చొక్కాతో, చిరునవ్వుతో నిలిచి ఉన్న యువకుని జీవనంలో ఈ రెండు పద్ధతులూ ముడివడి ఉన్నాయి. అతనికి కొంత జీతం, కొంత పాలు. ఆ పాలునే కమీషను అనీ, ఇన్సెంటివు అనీ వ్యవహరిస్తున్నారు.

విద్యార్థులారా! మీలో కొందరు డిగ్రీ ముగిసీ ముగియకముందే ఈ కొలువు గడప తొక్కవచ్చు. ఏదైనా డిగ్రీ, డ్రైవింగు లైసెన్సు, నలుగురితో మాట్లాడగల నేర్పు ఉంటే చాలునని ప్రకటనలు వెలువడుతూనే ఉంటాయి. సులభంగా దొరికినంత మాత్రాన ఆ ఉద్యోగాన్ని చులకన చేయనక్కరలేదు. కాని అంత సులభంగా ఎందుకు దొరుకుతున్నదో మాత్రం విచారించాలి. అమ్మకం జరగని నెలలో యజమాని నష్టపోయేది స్థిరవేతనం మేరకే. ఆ నెల వెలితిలో మిగిలిన భాగాన్ని మోసేది ఉద్యోగి. కనుక పదిమందిని చేర్చుకొని, నిలిచిన నలుగురితో పని గడుపుకొనడం యజమానికి పెద్ద భారం కాదు.

మన దేశంలో కారు అమ్మడం అనే విద్యకు చరిత్ర చాలా తక్కువ. అంబాసిడరు, పద్మిని కార్లు మాత్రమే కనిపించిన రోజులలో కొనుగోలుదారుడే సొమ్ము కట్టి సంవత్సరాల తరబడి వేచి ఉండేవాడు. వేచి ఉన్నవానికి ఇక అమ్మవలసిన పని ఏమున్నది? 1983 డిసెంబరు 14న మారుతి 800 వచ్చిన తరువాత కూడా కొంతకాలం నిరీక్షణ జాబితాలే నడిచాయి. 1991 ఆర్థిక సంస్కరణల అనంతరం విదేశీ సంస్థలు ప్రవేశించాయి. 1998లో శాంత్రో, ఇండికా కార్లు వచ్చేసరికి కొనేవాని ముందు నాలుగైదు దారులు ఏర్పడ్డాయి. కొనేవానికి ఎంపిక కలిగిననాడే అమ్మేవానికి పని కలిగింది. 2019లో మన పెనుకొండ సమీపంలోని కియా కర్మాగారం నుండి కార్లు వెలువడడం మొదలైంది. కర్మాగారంలో కారు తయారుచేసే కార్మికునికి నెలకు ఎన్ని కార్లు అమ్ముడయ్యాయన్న లెక్కతో జీతం మారదు. అదే కారును షోరూములో అమ్మేవానికి మాత్రం ఆ లెక్కే సర్వస్వం.

ఇక పని స్వరూపం చూద్దాం. ఫోను ద్వారానో, స్వయంగానో వచ్చినవారి వివరాలు రాసుకోవాలి. కారు నడిపి చూపించాలి. ధర, పన్ను, బీమా, రిజిస్ట్రేషను కలిపి రోడ్డు మీదికి వచ్చేసరికి ఎంత అవుతుందో కాగితం మీద పెట్టి ఇవ్వాలి. బ్యాంకు రుణం కోసం పత్రాలు సేకరించాలి. పాత కారు ఉంటే దానికి వెల కట్టించాలి. ఇంత చేసినా సాధారణంగా కమీషను లెక్కకు వచ్చేది కారు చేతికి అందిన తరువాతనే. బుకింగు జరిగి, కోరిన రంగు రాక, విసిగి వెళ్ళిపోయిన కొనుగోలుదారు కోసం తిరిగిన తిరుగుడంతా నీటిమీది రాత. కారుతోపాటు బీమా, రుణం, అదనపు వారంటీ, సీటు కవర్ల వంటి సామగ్రి అమ్మినందుకు కూడా చిన్నచిన్న ముడుపులు ఉంటాయి. వీటి సంగతి తరువాత ప్రస్తావిస్తాను.

ఒక ఉదాహరణను లెక్కకట్టి చూడడం మేలు. ఇందులోని వేతనం, ఖర్చు, కమీషను అంకెలు అవగాహన కోసం ఊహించినవి. తెనాలి సమీప గ్రామం నుండి విజయవాడకు వచ్చిన ఒక యువకుడు నెలకు 15,000 రూపాయల స్థిరవేతనంతో చేరాడనుకొందాం. భవిష్యనిధికి 12 శాతం చొప్పున 1,800, ఇ.ఎస్.ఐ.కి 0.75 శాతం చొప్పున 113 పోగా అతని చేతికి 13,087 రూపాయలు వస్తాయి. గది అద్దెలో వాటా 4,000, భోజనం 4,500, పెట్రోలు 2,500, ఫోను, దుస్తులు మొదలైనవాటికి 1,000. మొత్తం 12,000. మిగిలేది 1,087 రూపాయలు. కారు అమ్మకపోయినా పస్తు ఉండడు. కాని ఇంటికి పంపడానికి ఏమీ ఉండదు.

కమీషను నియమం ఇట్లా ఉన్నదనుకొందాం. నెలకు మూడు కార్ల కంటే తక్కువ అమ్మితే ఏమీ లేదు. మూడు మొదలు అయిదు వరకు కారుకు 1,500. ఆరు, అంతకు మించితే అన్ని కార్లకూ 2,500 చొప్పున. ఇతడు మొదటి ఆరు నెలలలో వరుసగా సున్న, ఒకటి, రెండు, నాలుగు, మూడు, ఏడు కార్లు అమ్మాడు. మొదటి మూడు నెలలకూ ఏమీ రాలేదు. తరువాత 6,000, 4,500, చివరికి 17,500. మొత్తం 28,000. సగటున నెలకు 4,667 రూపాయలు. సగటు మాట వినడానికి బాగానే ఉంటుంది కాని, ఇంటి అద్దె సగటున చెల్లించేది కాదు గదా! మూడు నెలలు సున్నలతో గడిపినవానికి ఆరవ నెల పొంగు అప్పు తీర్చడానికే సరిపోవచ్చు. పదిహేడు కార్లు అమ్మిన ఇతనికి పద్నాలుగింటికే ప్రతిఫలం ముట్టిందన్న విషయమూ గమనించండి.

ఇప్పుడు ప్రకటనను మళ్ళీ చదవండి. 'నెలకు 35,000 రూపాయల వరకు సంపాదన' అని ఉన్నది. ఈ వాక్యంలో అబద్ధం లేదు. భారమంతా 'వరకు' అన్న చిన్న మాట మీద ఉన్నది. వ్యాకరణంలో అది హద్దును తెలిపే మాట. అవతలి గట్టు ఎక్కడ ఉన్నదో అది చెబుతుంది గాని, మనం ఏటిలో ఎక్కడ ఉంటామో చెప్పదు. షోరూములో పన్నెండుమంది అమ్మకందారులు ఉంటే మొదటివాని సంపాదన అడగడం వృథా. ఆరవవాడు నిరుడు సంపాదించినది ఎంత అని అడగాలి. నిరుడు చేరినవారిలో ఈనాటికి మిగిలినవారు ఎందరు అని అడగాలి. సూటిగా సమాధానం చెప్పని చోట ఆ మౌనాన్నే సమాధానంగా తీసుకోవచ్చు.

అమ్మకాలు నెలనెలా సమానంగా ఉండవనడానికి మన పంచాంగమే సాక్షి. ఆషాఢంలో, మౌఢ్యాలలో, పితృపక్షంలో కొత్త వాహనం ఇంటికి తేవడానికి మన ప్రాంతంలో చాలామంది వెనుకాడుతారు. దసరా, ధనత్రయోదశి, ఉగాది వచ్చాయంటే నిమ్మకాయలకు సైతం గిరాకీ పెరుగుతుంది. ఆషాఢంలో చేరినవాడు తాను అసమర్థుడనని కుంగిపోవడమూ, దసరాకు ముందు చేరినవాడు తాను మహానేర్పరినని పొంగిపోవడమూ రెండూ పొరపాటే.

పంచాంగానికి అందని ఒడుదొడుకులు కూడా ఉన్నాయి. 2020 ఏప్రిల్ నెలలో లాక్‌డౌన్ కారణంగా దేశంలోని అతిపెద్ద కార్ల సంస్థ స్వదేశంలో ఒక్క కారును కూడా అమ్మలేకపోయింది. 2017 చివరికి జనరల్ మోటార్స్ మన దేశంలో అమ్మకాలు నిలిపివేసింది. 2021 సెప్టెంబరులో ఫోర్డ్ ఇక్కడ ఉత్పత్తిని విరమిస్తున్నట్లు ప్రకటించింది. ఆ షోరూములలో ఎంతటి మాటకారికైనా అమ్మడానికి సరుకు లేకుండా పోయింది. ఇటీవలి ఉదంతం మరింత విచిత్రమైనది. 2025 ఆగస్టు 15న పన్నులు తగ్గనున్నాయన్న ప్రకటన వెలువడింది. సెప్టెంబరు 3న జి.ఎస్.టి. మండలి నిర్ణయం తీసుకొన్నది. చిన్నకార్లపై ఉన్న 28 శాతం పన్ను, దానిపై సెస్సు పోయి, 22వ తేదీ నుండి 18 శాతం అమలులోకి వచ్చింది. ధర తగ్గుతుందని తెలిసిన తరువాత ముందే కొనేదెవరు? పైగా ఆ నడుమనే పితృపక్షం వచ్చింది. శరన్నవరాత్రుల తొలిరోజూ, కొత్త పన్ను అమలైన రోజూ ఒక్కటే అయ్యాయి. ఆగస్టు నడుమ ఉద్యోగంలో చేరినవాడు అయిదు వారాలపాటు ఖాళీ కుర్చీలను చూస్తూ కూర్చొని, ఆపైన ఒక్కసారిగా భోజనానికి కూడా తీరిక లేని రోజులు చూసి ఉంటాడు. ఈ రెంటిలో దేనిలోనూ అతని ప్రమేయం లేదు.

దీని కంటే సున్నితమైన విషయం మరొకటి ఉన్నది. పై ఉదాహరణలో మూడవ కారు విలువ ఎంత? పైకి 1,500 అనిపిస్తుంది. కాని రెండు కార్ల వద్ద ఆగినవానికి ఏమీ రాదు, మూడవది అమ్మగానే 4,500 వస్తుంది. అట్లే అయిదు కార్లకు 7,500 వస్తే, ఆరు కార్లకు 15,000. అంటే ఆరవ కారు ఒక్కటే 7,500 తెచ్చిపెడుతున్నది. నెల చివరి రోజు సాయంత్రం అయిదు కార్లతో నిలిచి ఉన్న యువకుని ముందుకు ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు వచ్చాడనుకొందాం. ఆయన వారానికి ఒకసారి గుడికి వెళ్ళడానికి చిన్నకారు కావాలంటున్నాడు. ఆ కారు వారం తరువాతగాని రాదు. షోరూములో సిద్ధంగా ఉన్నది అంతకంటే లక్ష రూపాయలు ఎక్కువ ధర గలది.

"బాబూ, నాకు ఇది సరిపోతుందంటావా?" అని ఆయన అడుగుతాడు.

ఆ ప్రశ్నకు అతడు చెప్పే జవాబు 7,500 రూపాయల విలువ చేస్తుంది. బీమా విషయంలోనూ ఇదే చిక్కు. కొత్త కారుకు మూడేళ్ళ థర్డ్ పార్టీ బీమా 2018 సెప్టెంబరు 1 నుండి తప్పనిసరి అయింది. అయితే ఆ బీమాను షోరూములోనే తీసుకోవాలన్న నిర్బంధం లేదు. ఈ మాట తెలియని కొనుగోలుదారుకు తెలియజేస్తే అమ్మకందారు ముడుపు తగ్గుతుంది. కమీషను పద్ధతి మనిషిని చెడ్డవానిగా చేస్తుందని నేను అనను. పదేళ్ళుగా ఇదే పనిలో ఉండి, పాత ఖాతాదారుల మాటసాయంతోనే నెల గడుపుకొనే నిజాయితీపరులు ఉంటారు. కాని వారికి ఆ స్థాయి వచ్చేవరకు గడిచిన తొలి సంవత్సరంలో ప్రతి నెలాఖరుకూ ఈ పరీక్ష తప్పదు. ఇంటికి పంపవలసిన సొమ్ము మెడమీద కత్తిలా వేలాడుతున్నప్పుడు ఆ పరీక్ష మరింత కఠినమవుతుంది. ఒక్క మాట. చేరగానే కొన్నిచోట్ల 'మీకు తెలిసినవారి పేర్లు వందమందివి రాయండి' అంటారు. తొలి రెండు మూడు కార్లు బంధువులకు అమ్మి, ఆ జాబితా అయిపోగానే వెలవెలబోయేవారు కొందరు. బంధువు ఒకసారి కొన్న కారును మళ్ళీ ఏడెనిమిదేళ్ళ దాకా మార్చడు. జీవిత బీమా ఏజెంటుకు పాలసీ నడుస్తున్నకొద్దీ కొంత వస్తూ ఉంటుంది. కారు అమ్మినవానికి ఆ వెసులుబాటు లేదు.

చట్టం సంగతి కొంత తెలిసి ఉండాలి. 2019లో పార్లమెంటు ఆమోదించిన వేతనాల కోడ్ 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. దాని ప్రకారం ఉద్యోగం మానినవానికి రావలసిన వేతనాన్ని రెండు పనిదినాలలో చెల్లించాలి. కాని ఆ చట్టంలోని నిర్వచనం కమీషనును వేతనం నుండి మినహాయించింది. కమీషను, ఇంటి అద్దె భత్యం వంటి మినహాయింపులన్నీ కలిసి మొత్తం ప్రతిఫలంలో సగాన్ని దాటితే, దాటిన భాగాన్ని మాత్రం వేతనంగానే లెక్కిస్తారు. అందువల్ల మానిన తరువాత డెలివరీ అయ్యే కార్లకు కమీషను ఎవరికి చెందుతుందో నియామక పత్రంలో ముందే రాయించుకోవడం అవసరం. నోటిమాటగా 'చూద్దాంలే' అన్నది నెలాఖరున చెల్లదు. పెట్రోలు ఖర్చు ఎవరిది, నడిపి చూపేటప్పుడు కారుకు దెబ్బ తగిలితే ఎవరు భరించాలి, షోరూముకు వచ్చినవారిని ఎవరికి ఏ వరుసలో అప్పగిస్తారు అన్నవి కూడా అడగదగినవే. అసలు ధ్రువపత్రాలు తమవద్ద ఉంచమనే యాజమాన్యానికి నకళ్ళు ఇచ్చి, అసలువి ఇంట ఉంచుకోవడం శ్రేయస్కరం. స్థిరవేతనమే లేకుండా వట్టి కమీషను మీద పిలిచేచోట, పేరు ఏదైనా, అది ఉద్యోగం కాదు, ఏజెన్సీ.

ఇన్ని చెప్పిన తరువాత ఆ తెనాలి యువకుడు చేరాలా, వద్దా? నా అభిప్రాయంలో, మూడు నెలల ఖర్చుకు సరిపడే సొమ్ము, అతని లెక్కన 36,000 రూపాయలు, చేతిలోనో ఇంటిలోనో ఉండి, చెల్లెలి కళాశాల రుసుము అతని కమీషనుపై ఆధారపడకుండా ఉంటే నిస్సంకోచంగా చేరవచ్చు. అపరిచితునితో మాట్లాడడం, కాదన్న మాటను నొచ్చుకోకుండా స్వీకరించడం, రుణపత్రాలు చదవడం ఈ పనిలో ఏడాది తిరిగేసరికి వస్తాయి. బ్యాంకులలో, బీమా సంస్థలలో ఆ అనుభవానికి విలువ ఉంటుంది. నిలిచినవారు బృంద నాయకులు, మేనేజర్లు కూడా అవుతారు. ఇంటివద్ద నెలనెలా కట్టవలసిన అప్పు ఉండి, అది ఇతని సంపాదనతోనే తీరవలసి ఉంటే మాత్రం, 17,000 రూపాయల స్థిరవేతనం ఇచ్చే గుమాస్తా పని దొరికినా దానినే ఎంచుకోవాలి. అమ్మకాల కొలువు మరుసటి ఏడాది కూడా దొరుకుతుంది.

ఈ విషయం ఇంట్లో దాచిపెట్టి చేరేవారు ఉన్నారు. 'జీతం ముప్ఫై అయిదు వేలు' అని తండ్రికి చెప్పి, మొదటి నెల నుండే స్నేహితుల వద్ద చేబదులు తెచ్చి పంపుతారు. అంతకంటే లెక్క రాసిన కాగితం తండ్రి ముందు పెట్టి, "నాన్నగారూ, మూడు నెలలు నేనేమీ పంపలేకపోవచ్చు. నాలుగో నెల చివర మీతో కూర్చొని మళ్ళీ లెక్క చూసుకొంటాను. అప్పటికీ నెలకు మూడు కార్లు అమ్మలేకపోతే మానేస్తాను" అని చెప్పడం మంచిది. పంట పెట్టుబడి లెక్కలు తెలిసిన రైతుకు ఆ కాగితం అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టదు.

ప్రశ్నలు

1. జీతానికీ పాలుకూ గల భేదాన్ని పాఠం ఆధారంగా వివరించండి.
2. పాఠంలోని నియమం ప్రకారం నెలకు రెండు, అయిదు, ఆరు కార్లు అమ్మినవారికి ఎంతెంత కమీషను వస్తుందో లెక్కకట్టి, ఆ తేడా అమ్మకందారు ప్రవర్తనపై చూపగల ప్రభావాన్ని చర్చించండి.
3. విశ్రాంత ఉపాధ్యాయుని ప్రశ్నకు మీరైతే ఏమని జవాబిస్తారు? పది వాక్యాలలో రాయండి.