ధాన్యపు గోదాములో సరకు కదలిక: ధూమీకరణ, పంపిణీల సమన్వయం

గోదాము పని మందగించినప్పుడు హమాలీల కొరతను, లారీల ఆలస్యాన్ని నిందించుట పరిపాటి. అసలు కారణము తరచుగా బస్తాల నిట్లు పేర్చిన తీరులోనే ఉండును. మన దేశపు ధాన్య గోదాములలో 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు గల నిట్టు ప్రమాణముగా వాడుకలో ఉన్నది. నిట్ల నడుమ, గోడల వెంబడి బాటలు వదలవలెను. స్థలము కలిసివచ్చునని వీటిని బస్తాలతో నింపినచో గాలి ఆడదు, పురుగుల తనిఖీ కుదరదు. వెనుకనున్న పాత సరకు కొరకు ముందున్న కొత్త సరకును కదల్చవలసి వచ్చును. ఒకే బస్తాకు రెండుసార్లు కూలి చెల్లించు ఈ పొదుపు ఏపాటిదో చెప్పనక్కరలేదు.

ముందు వచ్చిన సరకు ముందు పోవలెనను నియమము మంచిదే కాని, చాలదు. వరి ధాన్యము సేకరణలో 17 శాతము వరకు తేమను అనుమతింతురు. నిల్వకు అది 14 శాతము మించరాదు. కనుక నిన్న వచ్చిన 16 శాతపు లాటు, నెల క్రిందటి 12 శాతపు లాటు కంటె ముందుగా మిల్లుకు చేరవలెను. నిట్టు కార్డుపై తేదీతోపాటు తేమ, ముక్కపురుగు, నుసిపురుగు ఉనికి నమోదైననే ఇది సాధ్యము.

ధూమీకరణ విషయము మరింత క్లిష్టము. అల్యూమినియం ఫాస్ఫైడ్ ఉంచిన నిట్టు గాలి చొరని కవరు క్రింద 5 నుండి 7 రోజులు ఉండవలెను. లారీలు నిలిచిపోయినవని ముందే కవరు తీసినచో గుడ్లు, ప్యూపాలు బ్రతికిపోవును, పురుగులలో ఫాస్ఫీన్‌ను తట్టుకొను శక్తి పెరుగును. అంతకు మించి, బస్తాలు మోయువారి ప్రాణాలకే ముప్పు. చాలాచోట్ల ధూమీకరణ తేదీలు ఒకరి వద్ద, పంపిణీ ఉత్తర్వులు మరొకరి వద్ద ఉండును. రెండింటిని నిట్టు సంఖ్యల వారీగా ఒకే రిజిస్టరులో వ్రాసి, ఏ నిట్టు ఏ రోజున తెరువబడునో లారీలను పిలుచుటకు ముందే చూచుకొనవలెను.