కామెర్లు - ప్రతిధ్వనిచే కారణము నెఱుగుట

కన్నులు పచ్చబడినచో ఇంటిలోని పెద్దలు వెంటనే "కామెర్లు" అందురు. అది రోగము పేరు కాదు, రోగలక్షణము పేరు. జ్వరమువలె పెక్కు కారణములచే కలుగును. కావున వైద్యుడు మొదట ఆలోచింపవలసినది ఈ పసుపు శరీరములో ఎచ్చట నిలిచిపోయినదని.

మన నెత్తురులోని ఎఱ్ఱకణములు సుమారు 120 దినములు జీవించి నశించును. వానిలోని రంగు పదార్థము మార్పుచెంది బిలిరుబిన్ అను పచ్చని ద్రవ్యమగును. కాలేయము దానిని గ్రహించి, పైత్యరసములో చేర్చి, పిత్తనాళము గుండ ప్రేగులోనికి పంపును. మలమునకు రంగు దీనివలననే వచ్చుచున్నది. కణములు మితిమీరి నశించినను, కాలేయము చెడినను, నాళము మూసుకొనినను ఈ ద్రవ్యము రక్తమున నిలిచిపోవును. సాధారణముగా డెసిలీటరు రక్తములో ఇంచుమించు 1 మిల్లీగ్రామునకు మించనిది, 3 మిల్లీగ్రాములకు చేరునప్పటికి కన్నులలో కనబడును.

ఈ మూడింటిలో చివరిదానిని వేఱుచేసి తెలిసికొనుట మిక్కిలి అవసరము. రాయి గాని, కంతి గాని అడ్డుపడిన నాళమును త్రాగు మందులు తెఱవజాలవు. రక్తపరీక్ష కొంత సూచన నొసగును. నాళమును కన్నులార చూపునది అల్ట్రాసౌండు.

మనుష్యుని చెవి సెకనుకు 20,000 కంపనములను మించిన ధ్వనిని వినజాలదు. కడుపును పరీక్షించు ధ్వనికి సెకనుకు 20 మొదలు 50 లక్షల కంపనము లుండును. కొన్ని స్ఫటికములను నొక్కినచో విద్యుత్తు పుట్టునని 1880లో ఫ్రాన్సు దేశపు క్యూరీ సోదరులు కనుగొనిరి. విద్యుత్తు తగిలినప్పుడు అట్టి పదార్థమే కంపించి ధ్వనిని పుట్టించును. ఒకే పలక అఱచుటకును, వినుటకును పనికివచ్చుట వింతయే గదా! దేహములో ధ్వని సెకనుకు సుమారు 1540 మీటర్లు పోవును. సెకనులో పదివేలవ భాగమునకు ప్రతిధ్వని తిరిగి వచ్చెనేని, అది 7.7 సెంటీమీటర్ల లోతునుండి వచ్చినదని లెక్క. పోకకును రాకకును కలిపి దూరము రెట్టింపగుటను విద్యార్థులు మఱవరాదు. ఇట్టి లెక్కలు వేలకొలదిగా కూర్చి యంత్రము చిత్రమును వ్రాయును. 1958లో గ్లాస్గో నగరపు ఇయాన్ డొనాల్డును, ఆయన సహచరులును కడుపులోని కంతులను ఈ విధముగా చూచి ప్రకటించిరి.

పైత్యరసము ద్రవమగుటచే ప్రతిధ్వని నీయదు; నల్లగా కనబడును. అందులోని రాయి తెల్లగా మెఱయును. ధ్వని దానిని దాటి పోలేనందున దాని వెనుక నల్లని నీడ పడును. ప్రధాన పిత్తనాళము పెద్దవారిలో సాధారణముగా 6 మిల్లీమీటర్లకు మించదు. వృద్ధులలో కొంచెము హెచ్చుగ నుండవచ్చును. కాలువకు అడ్డుకట్ట పడిన ఎగువ నీరు నిండునట్లు, నాళము మూసుకొనినచో పైభాగము ఉబ్బును. ఉబ్బు లేకున్నచో దోషము కాలేయమందో, రక్తమందో యుండునని తలంతురు. పరీక్షకు ముందు ఆఱు గంటలు భుజింపరాదనుట ఊరక కాదు. భుజించినచో పిత్తాశయము ముడుచుకొని, లోపలి రాళ్లు సరిగా కనబడవు.

ఈ యంత్రమునకును లోపములు కలవు. ప్రేగులలోని గాలి నాళపు క్రింది కొనను కప్పివేయును. అచ్చటి రాయి తప్పిపోవచ్చును. అడ్డు పడిన తొలి దినములలో నాళము ఉబ్బకయు నుండవచ్చును. అనుమానము తీరనిచో ఎమ్మారై పరీక్ష చేయుదురు.

మన పల్లెలలో కామెర్లకు పసరు పోయుట, చేతిపై వాతలు పెట్టుట కలదు. "మావానికి పసరుతో తగ్గినది" అను మాట అబద్ధము కాకపోవచ్చును. కలుషిత జలముచే వచ్చు కాలేయపు వాపు పెక్కుమందికి కొన్ని వారములలో తనంతట తానే తగ్గును. కీర్తి పసరునకు దక్కును. నాళము మూసుకొనినవానికి ఆ వారములే నష్టము. చలిజ్వరమును, కడుపునొప్పియు తోడైనచో నిలిచిన రసము కుళ్లుచున్నదేమోయని అనుమానించి, ఆ దినమే ఆసుపత్రికి పోవలెను.

పసిబిడ్డల విషయము వేఱు. పుట్టిన రెండు వారముల తరువాతను పచ్చదనము నిలిచి, మలము సున్నమువలె తెల్లబడినచో, పిత్తనాళములు పూడిపోయినవేమో చూడవలెను. అట్టి శిశువులలో నాళము ఉబ్బదు. పిత్తాశయము మిక్కిలి చిన్నదిగా నుండును, లేదా అసలే కనబడదు. జపాను దేశపు మోరియో కసాయి 1950ల దశకమున కనిపెట్టిన శస్త్రచికిత్స ఇందుకు కలదు. బిడ్డకు 60 దినములు నిండకమున్నే చేసినచో అది ఎక్కువగా ఫలించును. కావున తల్లి బిడ్డ కన్నులతోపాటు గుడ్డలను కూడ పగటి వెలుతురున చూడవలెను.