ముద్ర వేసింది ఎవరు?

ప్రశ్న: డిగ్రీలో సమాజశాస్త్రం చదువుతున్నాను. విచలనం అంటే నేరం చేయడమేనా? తప్పు మనిషిదైతే మధ్యలో సామాజిక సంస్థల గొడవ ఎందుకు?
– ఒక విద్యార్థిని, బాపట్ల

జవాబు: విచలనం అంటే సమాజం పెట్టుకున్న కట్టుబాటును దాటడం. అందులో చట్టం శిక్షించేది మాత్రమే నేరం. కులాంతర వివాహం చట్టానికి సమ్మతమే, చాలా ఊళ్లలో మాత్రం అది ఇప్పటికీ తప్పే.

ఇక సంస్థల సంగతి. మీ పక్కనే ఉన్న స్టువర్టుపురం చూడండి. కొన్ని తెగలను మొత్తంగా నేరస్థులని ముద్ర వేసే నేరస్థ తెగల చట్టాన్ని ఆంగ్లేయులు 1871లో తెచ్చారు, 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తింపజేశారు. ఆ ముద్ర పడ్డ తెగల్లో ఎరుకలవారు ఒకరు. రైళ్లొచ్చి వాళ్ల ఉప్పు, ధాన్యం వర్తకం దెబ్బతింది. బతుకుతెరువు పోయినవాళ్ల మీద అనుమానం పెరిగింది. సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ మిషను స్టువర్టుపురంలో నడిపిన సెటిల్‌మెంట్‌లో వాళ్లు హాజరు పలకాలి, ఊరు దాటాలంటే చీటీ ఉండాలి. ఏ దొంగతనమూ చేయనివాడికీ ఇదే వరస. చీటీ లేకుండా చుట్టాలింటికి వెళ్లినా అది నేరమే! చట్టం, పోలీసు, మిషను కలిసి పుట్టుకనే విచలనం చేశాయన్నమాట. సమాజశాస్త్రవేత్త హోవార్డ్ బెకర్ 1963లో ‘అవుట్‌సైడర్స్’ పుస్తకంలో చెప్పిందీ ఇదే: విచలనం అనేది చేసిన పనిలో ఉండదు, దానికి ఇతరులు వేసే ముద్రలో ఉంటుంది. నా మటుకు నాకు ఈ సిద్ధాంతం పూర్తిగా సరిపోదు. మొదటి దొంగతనం ఎందుకు జరిగిందో అది చెప్పదు. దానికి భూమి, పని, కులం ఎవరికెలా పంచి ఉన్నాయో, అంటే సామాజిక నిర్మితిని, చూడాలి.

ఆ చట్టం 1952లో రద్దయింది. మన సినిమాలు ఆ ఊరి పేరును దొంగలకు పర్యాయపదంగా ఇంకా వాడుకుంటూనే ఉన్నాయి.