చైనా సూది, మన చెట్టుమందు, సర్కారు ఆస్పత్రి
బి.యస్సీ. తృతీయ సంవత్సరం (వృక్షశాస్త్రం)

మన దేశంలో వైద్యం ఒక్కటి కాదు. ఒకే ఇంట్లో తాతగారు లేహ్యం, నాన్నగారు ఇంగ్లీషు మందు, పిన్నిగారు హోమియో మాత్రలు పుచ్చుకోవడం అందరం చూస్తున్నదే. వీటికి తోడు చైనావారి సూదివైద్యం, అనగా ఆక్యుపంక్చర్ గూడా మన పట్నాలకు వచ్చి చేరింది. ఇన్ని వైద్యాలు పక్కపక్కన నడవవచ్చునా? నడిస్తే ఏ హద్దుల్లో నడవాలి? అన్నది ఈ వ్యాసంలో విషయం.

ఇది మార్కుల కోసం వేసుకున్న ప్రశ్న కాదు. మా పోలవరం వంటి చోట ముందు గోదావరి, వెనుక ఏజెన్సీ కొండలు. పెద్ద జబ్బు చేస్తే రాజమండ్రో, ఏలూరో పోవాలి. అలాంటి చోట మొదట ఎవరి గుమ్మం తొక్కాలన్నది ఒక్కోసారి ప్రాణం మీదికి వచ్చే ప్రశ్న.

సూదివైద్యం అంటే ఏమిటి?

రెండు వేల ఏళ్ళకు పైబడిన "హువాంగ్ డీ నేయ్ జింగ్" అనే గ్రంథం చైనా వైద్యానికి మూలం. శరీరంలో "చీ" అనే శక్తి ప్రవహిస్తూ వుంటుందనీ, దాని దారులు ముఖ్యమైనవి పన్నెండు, అవిగాక మరి రెండు వున్నాయనీ, ఆ ప్రవాహం ఎక్కడన్నా అడ్డుపడితే జబ్బు చేస్తుందనీ ఆ సిద్ధాంతం. మన ఆయుర్వేదంలో వాతపిత్తకఫాలు సమంగా వుండాలన్న మాటకు ఇది దూరపు చుట్టం. ఈ దారుల మీద గుచ్చవలసిన స్థానాలు 361 అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1991లో ప్రకటించిన పట్టికలో వుంది.

గుచ్చే సూది ఇంజక్షన్ సూది లాంటిది కాదు. దానికి మధ్యలో బెజ్జం వుండదు. మందు ఎక్కించరు. వెంట్రుక కన్నా కొంచెం లావు, అంతే. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య వుండే కండలో ఒక స్థానం, మణికట్టు గీతకు మూడు వేళ్ళ వెడల్పు పైన లోపలివైపు ఒకటి, మోకాలి చిప్ప కింద ఒకటి చాలా ప్రసిద్ధమైనవి. సూదులు గుచ్చి ఇరవై, ముప్ఫై నిమిషాలు వుంచి తీసేస్తారు.

చైనా భాషలో ఈ వైద్యం పేరు "జెన్ జియూ". అంటే సూది, సెగ అని అర్థం. ఎండిన ఆకును దూదిలాగా దంచి, చుట్టలాగా చుట్టి, కొస వెలిగించి, చర్మానికి తగలకుండా దగ్గరగా పట్టుకుని సెగ చూపిస్తారు. కామెర్లు వచ్చిన పసిపిల్లలకు పల్లెల్లో పెట్టే వాతకూ దీనికీ పోలిక లేదు. ఆ సెగకు వాడే ఆకు మనకు కొత్తది కాదు. వినాయక చవితి పత్రిలో మొట్టమొదట చదివే మాచీపత్రం వుందే, దాని కుటుంబపు మొక్కే. వృక్షశాస్త్రంలో ఆ ప్రజాతి పేరు ఆర్టిమీసియా. చామంతి, పొద్దుతిరుగుడు గూడా ఆ కుటుంబానివే. ఈ పేరును పాఠకులు కాస్త గుర్తుపెట్టుకోవాలి, మళ్ళీ దీనితో పని వుంది.

మనదేశానికి ఎలా వచ్చింది?

1938లో జపానుతో యుద్ధం చేస్తున్న చైనాకు మన కాంగ్రెసువారు అయిదుగురు డాక్టర్లను పంపారు. ఆ దళంలో డాక్టర్ కోట్నీస్ అక్కడే 1942లో చనిపోయారు. ఆయన పేరు అందరికీ తెలుసు. అదే దళంలో వున్న డాక్టర్ బి. కె. బసు పేరు చాలామందికి తెలియదు. ఆయన తరువాత మళ్ళీ చైనా వెళ్ళి సూదివైద్యం నేర్చుకుని 1959లో కలకత్తాలో మొదలుపెట్టారు. ఇంగ్లీషు వైద్యం చదివిన డాక్టరే సూదిని తెచ్చాడన్నది గమనించాలి. కేంద్ర ఆరోగ్య శాఖ 2003లో దీన్ని ఒక చికిత్సా పద్ధతిగా, 2019లో స్వతంత్ర చికిత్సా విధానంగా గుర్తించింది.

పాశ్చాత్య దేశాల్లో దీని పేరు మోగడానికి ఒక పత్రికా విలేకరి కారణం. 1971 జూలైలో న్యూయార్క్ టైమ్స్ విలేకరి జేమ్స్ రెస్టన్‌కు పెకింగులో వుండగా అపెండిసైటిస్ వచ్చింది. ఆపరేషనుకు మత్తు మామూలు మందులతోనే ఇచ్చారు. ఆపరేషను అయిన తరువాత కడుపుబ్బరం బాధిస్తే మోచేతికీ మోకాళ్ళ కిందా సూదులు గుచ్చి, పొట్ట దగ్గర ఆకు సెగ చూపించారు. గంటలో ఉపశమనం కలిగిందని ఆయన రాశాడు. జనం నోట పడేసరికి "సూదులు గుచ్చి ఆపరేషను చేశారట" అయిపోయింది. జరిగింది వేరు. కత్తి పని కత్తి చేసింది, సూది పని సూది చేసింది. పక్కపక్కన నడవడమంటే అదే.

పరీక్షలో ఎన్ని మార్కులు?

ఏ శవాన్ని కోసి చూసినా "చీ" ప్రవహించే నాళాలు కనబడవు. అంతమాత్రాన సూదికి గుణం లేదని కొట్టిపారేయడం శాస్త్రం కాదు. సిద్ధాంతం తప్పయినా ఫలితం వుండవచ్చు. ఫలితం వుందో లేదో ప్రయోగం చెప్పాలి.

జర్మనీలో నడుం నొప్పి వున్న 1162 మందిని చీట్లు వేసినట్లుగా మూడు భాగాలు చేసి పరీక్షించారు. ఫలితాలు 2007లో వెలువడ్డాయి. ఆరు నెలలకు అసలు సూదివైద్యం పొందినవారిలో 47.6 శాతానికి గుణం కనబడింది. మందులు, వ్యాయామం మొదలైన మామూలు చికిత్స పొందినవారిలో 27.4 శాతానికే. ఇక్కడితో ఆగితే సూది గెలిచింది అంటాం. కాని మూడో భాగం వారికి ఉత్తుత్తి సూదులు గుచ్చారు. అంటే స్థానాలు కానిచోట, పైపైన. వారిలో గూడా 44.2 శాతానికి గుణం వచ్చింది!

దీనివల్ల ఏం తేలింది? సూదివల్ల నొప్పి తగ్గడం నిజమే. ఆ 361 స్థానాల్లోనే గుచ్చాలన్న నియమానికి మాత్రం బలం తక్కువ. సూది గుచ్చినప్పుడు మెదడు ఎండార్ఫిన్ అనే నొప్పి నివారణ పదార్థాలను విడుదల చేస్తుందని ఒక వివరణ. ఎలుకల్లో గుచ్చినచోట ఎడినోసిన్ పెరిగి నొప్పి తగ్గినట్లు 2010లో చూపించారు. చేయి వేసి, అరగంట కూర్చోబెట్టి, మంచిమాట చెప్పే మనిషి మీద నమ్మకం గూడా ఇందులో ఒక పాలు వుంటుంది. 1997లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు పిలిచిన నిపుణుల సంఘం, ఆపరేషను తరువాతా, క్యాన్సర్ మందుల వల్లా వచ్చే వాంతులకూ, పన్ను తీసిన నొప్పికీ సూది పనిచేస్తుందని ఒప్పుకుంది. నొప్పి, వాంతి వంటి వాటిలో సూదికి పాస్ మార్కులు వచ్చాయి. మలేరియాకు, క్షయకు, చక్కెర జబ్బుకు, పాముకాటుకు రాలేదు.

మాచిపత్రి చెల్లెలు

సూది సంగతి అలా వుంచితే, చైనా సంప్రదాయ వైద్యం మన ఏజెన్సీలోకి వేరే దారిన ఎప్పుడో వచ్చేసింది. వాడుతున్నవారికి గూడా ఆ సంగతి తెలియదు.

వియత్నాం యుద్ధకాలంలో అడవుల్లో సైనికులు మలేరియాతో పడిపోతుంటే, 1967 మే 23న చైనా ప్రభుత్వం కొత్త మందు కోసం ఒక రహస్య పథకం మొదలుపెట్టింది. ఆ తేదీ మీదే దానికి 523 అని పేరు. అందులో చేరిన తూ యూయూ అనే శాస్త్రజ్ఞురాలు పాత వైద్య గ్రంథాలు తిరగేసి వందలకొద్దీ మూలికలను ఎలుకల మీద పరీక్షించింది. చింగ్‌హావ్ అనే మొక్క ఒకసారి పనిచేసి మరోసారి పనిచేయలేదు. నాలుగో శతాబ్దపు గె హోంగ్ గ్రంథంలో ఆ మొక్కను నీళ్ళలో నానబెట్టి, పిండి, రసం తాగమని వుంది. కాచమని లేదు. వేడికి మందు చెడిపోతున్నదేమో అని ఆమెకు తట్టింది. తక్కువ వేడికే ఆవిరయ్యే ఈథర్‌తో సారం తీసింది. 1971 అక్టోబరులో ఆ సారం ఎలుకల్లో మలేరియా క్రిములను పూర్తిగా తుడిచిపెట్టింది. రోగులకు ఇవ్వకముందు ఆమే తాగి చూసుకుంది. ఆ పదార్థమే ఆర్టిమిసినిన్. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ మొక్క శాస్త్రీయ నామం ఆర్టిమీసియా ఆన్యువా. అనగా మన మాచిపత్రికి స్వయానా చెల్లెలు!

క్లోరోక్విన్‌కు లొంగని ఫాల్సిపారం మలేరియాకు నేడు ఆర్టిమిసినిన్ నుంచి చేసిన మందును మరో మందుతో కలిపి ఇస్తారు. ఏజెన్సీ గూడెంలో ఆశా కార్యకర్త వేలి మీద గుచ్చి, చిన్న పట్టీ మీద రక్తం చుక్క వేసి, అక్కడికక్కడే జబ్బు పట్టుకుని ఇచ్చే మాత్రల వెనుక ఈ చరిత్ర వుంది. అయితే ఆ మాత్ర కషాయం కాదు. ఆకు కాచి తాగితే మందు ఎంత దిగిందో ఎవరూ చెప్పలేరు. చాలీచాలని మోతాదుకు క్రిమి చావదు సరికదా రాటుదేలుతుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ ఆకు కషాయాన్ని మలేరియాకు వాడవద్దంటుంది. మన మాచిపత్రి అయితే అసలే పనికిరాదు, చెల్లెలి గుణం అక్కకు రాలేదు.

ఈశ్వరి వేరు సంగతి

అన్ని మూలికలూ ఇలా పాసవుతాయనుకోరాదు. పాము కరిస్తే ఈశ్వరి వేరు నూరి ఇవ్వడం పల్లెల్లో పాత అలవాటు. దాని ప్రజాతి అరిస్టోలోకియా. దాని చైనా చుట్టం ఒకటి బెల్జియంలో ఒళ్ళు తగ్గే మందులో పొరపాటున కలిసింది. నూరుమందికి పైగా మూత్రపిండాలు పాడయ్యాయని 1993 నుంచి బయటపడుతూ వచ్చింది. ఇందులోని అరిస్టోలోకిక్ ఆమ్లం మనుషులకు క్యాన్సర్ కలిగిస్తుందని గూడా రుజువైంది. "చెట్టుమందే కదా, చెడు చెయ్యదు" అన్నమాట ఇక్కడ చెల్లదు.

నాగుపాము, కట్లపాము, రక్తపింజరి కాటుకు విరుగుడు ఇంజక్షను ఆస్పత్రిలోనే వుంటుంది. వేరు నూరే గంటసేపు విషానికి దొరికిన గంట. వరిచేలో పనిచేసే ప్రతి కుటుంబానికీ ఇది తెలియాలి.

కలిసి నడవాలంటే

ఆపద సూదిలో గాని ఆకులో గాని లేదు. "అది మానేసి ఇది పట్టు" అన్న మాటలో వుంది. మా పెదనాన్నగారికి బస్తాలు మోసి మోసి నడుం నొప్పి. ఒకచోట సూదులు వేయించుకుంటే నిజంగానే తగ్గింది. నెల తిరిగేసరికి ఆ వైద్యుడు షుగరు మాత్రలు గూడా అక్కర్లేదన్నాడు. "నడుం తగ్గించినాయన అబద్ధం చెబుతాడేటండీ?" అన్నారు పెదనాన్నగారు. మాత్రలు ఆపేశారు. చేలో కాలికి పార తగిలిన చిన్న గాయం మూడు నెలలయినా మానలేదు. చివరికి రాజమండ్రిలో రెండు వేళ్ళు తీసేశారు. నడుం నొప్పి మాత్రం ఇప్పటికీ లేదు! ఒక పనిలో నెగ్గిన వైద్యం అన్ని పనుల్లో నెగ్గినట్లు కాదు.

వేరువేరు వైద్యాలను పక్కపక్కన వుంచడం తెలుగువారికి కొత్త గాదు. ఇంగ్లీషు వైద్యం చదివిన డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారు ఆయుర్వేదం చేపట్టారు. మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణశాస్త్రం చెప్పిన యల్లాప్రగడ సుబ్బారావుగారు భీమవరంలో పుట్టినవారే. తరువాత అమెరికాలో ఆయన బృందం కనిపెట్టిన మందు మన గోదావరి జిల్లాల బోదకాలుకు నేటికీ వాడుతున్నారు. పుత్తూరు కట్టుకు పోయేవాళ్ళు గూడా ఎక్స్‌రే చేత్తో పట్టుకుని పోతున్నారు.

కాబట్టి రైతుబిడ్డలమైన మనం ఇళ్ళలో చెప్పవలసినవి నాలుగే మాటలు. మొదటిది, జబ్బు ఏమిటో ముందు పరీక్షతో తేల్చుకోవాలి. జ్వరమొస్తే రక్తపరీక్ష, ఆ తరువాతే నేలవేము కషాయమైనా, మరేదైనా. రెండవది, బి.పి., షుగరు, క్షయ మందులు రాసిన డాక్టరుతో చెప్పకుండా ఆపకూడదు. మూడవది, సూది వేయించుకుంటే ఒక్కసారి వాడి పారేసే కొత్త సూదే కావాలని అడగాలి, పాత సూదితో కామెర్లు వస్తాయి. గర్భిణులూ, రక్తం పలచబడే మందు వాడేవారూ ఆ సంగతి ముందే చెప్పాలి. నాలుగవది, ఏ మూలిక వాడుతున్నా ఆస్పత్రిలో దాచకుండా చెప్పాలి. డాక్టరుగారు కోప్పడతారని దాచేవాళ్ళే ఎక్కువ. డాక్టర్లు గూడా కోప్పడకుండా అడిగితే సగం ఆపదలు తప్పుతాయి.

మందుకు దేశం లేదు, కులం లేదు. పరీక్షకు నిలిచిందా లేదా అన్నదొక్కటే దాని గోత్రం. చైనా ఆకు ఆ పరీక్షకు నిలిచి మన గూడేలకు మాత్రగా వచ్చింది. మన కొండల మీది మూలికలను గూడా అలాగే ప్రయోగశాల బల్ల మీదికి తెచ్చే పని, వృక్షశాస్త్రమో రసాయనశాస్త్రమో చదువుతున్న మనదే.