చదరంగం చదువు పురుగుల ఆటేనా?



సాయంత్రం ఆటల గంట కొట్టగానే మన హాస్టల్‌లో కబడ్డీ కోర్టు దగ్గర ఒక గుంపు, వాలీబాల్ నెట్ దగ్గర ఇంకో గుంపు చేరుతుంది. వరండా మూలన చదరంగం అట్ట పరుచుకొని కూర్చునేది మాత్రం ఇద్దరే. వాళ్ళకు పేర్లు పెట్టింది మేమే. ఒకడు ‘సైంటిస్టు’, ఇంకొకడు ‘సోడాబుడ్డి’. నిజానికి ఆ రెండోవాడికి కళ్ళద్దాలే లేవు! స్కూల్ గేమ్స్ సెలక్షన్లకు పేర్లు రాస్తూ, చదరంగం ఎవరు ఆడతారని సారు అడిగితే ఆ తమ్ముడు చెయ్యి ఎత్తలేదు. ఎందుకురా అంటే, "అందరూ నవ్వుతారన్నా. అయినా అది మనలాంటోళ్ళ ఆట కాదు గదా" అన్నాడు. ఆ మాట విన్నాక తప్పు మాదేనని తెలిసింది. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాం.

ఆ తమ్ముడి మాటలో రెండు అపోహలు ఉన్నాయి. చదరంగం ఆడేవాడు నలుగురిలో కలవని పుస్తకాల పురుగు అనేది మొదటిది. ఆ ఆటకు పుట్టుకతో వచ్చే గొప్ప బుర్ర కావాలి, అది మనకు లేదు అనేది రెండవది.

మొదటి అపోహ సంగతి చూద్దాం. చదరంగం పుట్టింది మన దేశంలోనే. ఏనుగులు, గుర్రాలు, రథాలు, కాల్బలం అనే నాలుగు అంగాల సైన్యం పేరుతో దీన్ని చతురంగం అన్నారు. ఇక్కడి నుంచి పర్షియాకు, అరబ్బు దేశాలకు, ఆ తర్వాత యూరప్‌కు వెళ్ళింది. 1924లో ప్రేమ్‌చంద్ రాసిన ‘శత్రంజ్ కే ఖిలాడీ’ కథలో రాజ్యం పోతున్నా పట్టించుకోకుండా ఇద్దరు లక్నో జాగీర్దార్లు చదరంగం ఆడుతూ ఉంటారు. అంటే ఆ రోజుల్లో ఇది పనీపాటా లేని సోమరుల ఆట అని పేరు. ఈ రోజు చదువు పురుగుల ఆట అని పేరు. ఆట మారలేదు, జనం పెట్టే పేరే మారింది.

అంత దూరం ఎందుకు? గుడి అరుగుల మీద, రచ్చబండ రాళ్ళ మీద గీసిన పులి-మేక గళ్ళు మనం చూసినవే. మూడు పులులు, పదిహేను మేకలు. ఎదుటివాడు ఏం చేస్తాడో ముందే ఊహించి మేకలతో పులిని కట్టేయాలి. బడి మొహం చూడని తాతలు ఆడిన ఆట ఇది. వాళ్ళను ఎవరైనా పుస్తకాల పురుగులు అన్నారా?

చదరంగం ఆడేవాళ్ళకు ఒంట్లో బలం ఉండదనే మాట కూడా సరికాదు. ఒక్క ఆటే నాలుగైదు గంటలు సాగవచ్చు. 1984లో కార్పోవ్, కాస్పరోవ్‌ల మధ్య మొదలైన ప్రపంచ పోటీని 48 ఆటల తర్వాత, ఆటగాళ్ళు అలసిపోయారన్న కారణంతో 1985 ఫిబ్రవరిలో మధ్యలోనే ఆపేశారు. మన గుంటూరు బిడ్డ ద్రోణవల్లి హారిక 2022లో మహాబలిపురం ఒలింపియాడ్‌లో నిండు గర్భిణిగా ఆడి జట్టుతో కలిసి కాంస్యం గెలిచింది. 2024లో బుడాపెస్ట్‌లో స్వర్ణం గెలిచిన జట్టులోనూ ఆమె ఉంది.

ఇక రెండవ అపోహ. 1973లో అమెరికాలో ఛేజ్, సైమన్ అనే శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. నిజమైన ఆటలోంచి తీసిన బోర్డును 5 సెకన్లు చూపించి, పావులను మళ్ళీ పేర్చమన్నారు. మాస్టర్ సుమారు 16 పావులు సరిగ్గా పెట్టాడు. కొత్తవాడు నాలుగు పెట్టాడు. ఆ తర్వాత పావులను ఇష్టమొచ్చినట్లు చల్లి చూపించారు. అప్పుడు మాస్టర్‌కూ కొత్తవాడికీ దాదాపు తేడా లేదు! అంటే మాస్టర్‌ది దేవుడిచ్చిన జ్ఞాపకశక్తి కాదు. వేల ఆటలు ఆడి, చూసి నేర్చుకున్న గుర్తులే అతని బలం.

చదరంగం ఆడితే లెక్కల్లో మార్కులు వస్తాయా? ఇంగ్లాండులో 100 బడుల్లో పరీక్షించి 2016లో ఫలితం చెప్పారు. ఏడాది తర్వాత చూస్తే మార్కుల్లో తేడా కనిపించలేదు. కనుక మార్కుల కోసం దీన్ని ఆడనక్కర్లేదు, మార్కులు తక్కువని మానుకోనూ అక్కర్లేదు.

గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో 15 ఏళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయింది. 2017లో తల్లి అయ్యాక 2019లో, 2024లో ప్రపంచ ర్యాపిడ్ టైటిళ్ళు గెలిచింది. ఆమెకు నేర్పడానికి తండ్రి అశోక్ గారు అధ్యాపక ఉద్యోగం వదులుకున్నారు. వరంగల్ అర్జున్ ఇరిగేశి 2024 డిసెంబరులో 2800 రేటింగ్ దాటాడు. ఆనంద్ తర్వాత అది సాధించిన రెండో భారతీయుడు అతనే. వీళ్ళ వెనుక ఏళ్ళ తరబడి సాధన ఉంది, పక్కన నిలబడిన పెద్దలు ఉన్నారు. మన తల్లిదండ్రులు పొలం కూలికో, సిమెంటు ఫ్యాక్టరీ పనికో పోయేవాళ్ళు. వాళ్ళు పని మానుకొని మన పక్కన కూర్చోలేరు. నిజం చెప్పుకుందాం, మనకు తక్కువైంది బుర్ర కాదు, బోర్డూ, పుస్తకమూ, నేర్పే మనిషీ.

అవి కూడా దొరకవచ్చు. ఉగాండాలో కత్వే మురికివాడ పిల్ల ఫియోనా ముటేసి బడి మానేసిన రోజుల్లో, అక్కడ పిల్లలకు పోసే జావ కోసం చదరంగం నేర్పే చోటుకు వెళ్ళింది. 2010లో తన దేశం తరఫున ఒలింపియాడ్‌లో ఆడింది. ఆమె కథ 2016లో సినిమాగా వచ్చింది.

తమ్ముళ్ళూ, మొదలుపెట్టడానికి మూడు పనులు చాలు. ముట్టుకున్న పావునే కదపాలన్న నియమం తప్పవద్దు. ఎత్తులన్నీ పాత నోటుబుక్కులో రాసుకోండి, నిలువు వరుసలకు ఎ నుంచి హెచ్ వరకు, అడ్డ వరుసలకు 1 నుంచి 8 వరకు పేర్లు. ఓడిన ఆటను మళ్ళీ పేర్చి, ఎక్కడ తప్పామో ఇద్దరూ కలిసి చూడండి. పూర్వ విద్యార్థి అన్నలకు మా విన్నపం ఒకటే. సెలవుల్లో మఠంపల్లి వచ్చినప్పుడు ఒక బోర్డు తెండి, ఒక సాయంత్రం మాతో కూర్చోండి.

వరండా మూలన ఉన్న ఆ ఇద్దరినీ ఇక పేరు పెట్టే పిలుస్తాం, అమ్మానాన్నలు పెట్టిన పేరుతో. ఈసారి సారు చదరంగం ఎవరు ఆడతారని అడిగితే, ఆ తమ్ముడి చెయ్యి కంటే ముందు మా చేతులు లేస్తాయి. ఓడిపోతే ఓడిపోతాం, అయినా చెయ్యి ఎత్తుతాం.